కాలిక్యులేటర్‌లో ఆటలకు చోటెందుకు చాలదు?

వేసవి సెలవులకి డల్లాస్ నుంచి బొబ్బిలికో పాలకొండకో వచ్చే అక్కల, అన్నయ్యల సంచుల్లో ఒక లావుపాటి కాలిక్యులేటర్ కనిపించొచ్చు. పేరు టీఐ-84 ప్లస్. దాన్ని తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీదీ డల్లాసే. గ్రాఫుల కోసమని కొంటారు. ఆటలు ఎక్కించని పిల్లలుంటే వింతే.

చోటే తక్కువ. ర్యామ్‌లో మనకు దక్కేది సుమారు 24 కిలోబైట్లు. కంప్యూటర్లలో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘శ్రీకాకుళం’ అని రాస్తే 30 బైట్లు పడతాయి. ఆ లెక్కన 800 సార్లు రాసేసరికి ర్యామ్ నిండిపోతుంది! ఆర్కైవ్ అనే ఫ్లాష్ మెమరీలో ఇంకో 480 కిలోబైట్లున్నాయి. బ్యాటరీలు పూర్తిగా అయిపోతే ర్యామ్‌లోవి చెరిగిపోవచ్చు, ఆర్కైవ్‌లోవి పోవు.

అందుకే ప్రస్తుతం ఆడని ఆటను అక్కడికి పంపాలి. సెకండ్ మీట, ప్లస్ మీట, తర్వాత 2, ఆపైన 1 నొక్కి, జాబితాలో ఆట పేరు దగ్గర ఎంటర్ కొడితే పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. మళ్లీ ఆడాలంటే మామూలుగా ర్యామ్‌లోకి తెచ్చుకోవాల్సిందే.

ఆర్కైవ్‌లో తీసేసిన ఆట చోటులోనే వెంటనే కొత్తది ఎందుకు రాయదు? ఫ్లాష్‌లో కొంచెం కొంచెంగా చెరపడం కుదరదు. ఒక్క అక్షరం కోసం పలకంతా తుడిచినట్టు, 64 కిలోబైట్ల భాగాన్ని మొత్తంగా చెరపాలి. కాబట్టి కాలిక్యులేటర్ ‘ఇది అక్కర్లేదు’ అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. చోటు దొరకనప్పుడు ‘గార్బేజ్ కలెక్ట్?’ అని అడుగుతుంది. సరేనంటే పనికొచ్చేవాటిని ఖాళీ భాగంలోకి మార్చి, పాతదాన్ని చెరిపేస్తుంది. కాస్త సమయం పడుతుంది. ఆలోగా బ్యాటరీలు మాత్రం తీయకండి.