చెడ్డ చేయి వస్తే దిగిపోండి!

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూడటానికొచ్చే మా కుర్రాళ్లు జాగారంలో పేక తీస్తారు. పదమూడు ముక్కల రమ్మీ. ‘నీకే మంచి ముక్కలు పడతాయేంటి బాబాయ్?’ అని వాళ్ల గోల. పడవురా, పడనప్పుడు నేను ఆడను!

మొదట్లోనే డ్రాప్ చెబితే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. అంటే నాలుగుసార్లు దిగిపోయినా ఒక్క ఫుల్ కౌంటుతో సమానం. జోకరు లేదు, లైఫ్ కుదిరే దారీ లేదు, ఇంకెందుకు కూర్చోవడం?

మాది పాయింట్ల ఆటే, పైసల్లేవు. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ కేసులోనే. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లో మన రాష్ట్రం నిషేధించింది. నన్నడిగితే మంచిపనే. ఫోన్లో ఆడేవాడికి డ్రాప్ చెప్పే ఓపిక ఎక్కడిది?

ఆడాలనుకుంటే మధ్య ముక్కలు దాచుకోండి. ఏడుకి అటు అయిదు, ఆరు, ఇటు ఎనిమిది, తొమ్మిది కలుస్తాయి. రాజుకి ఆ వెసులుబాటు తక్కువ, పైగా పది పాయింట్లు. జత కుదరని బొమ్మల్ని ముందే వదిలించుకోండి.

కింద పడే ముక్కల మీద కన్నుండాలి. రెండు కట్టల ఆటలో ఆఠీను ఆరు రెండూ పడిపోయాయా? అయిదు, ఏడు పట్టుకుని దానికోసం ఎదురుచూడకండి. పక్కవాడు ఇస్పేటు ఎనిమిది ఎత్తుకున్నాడా? మీ దగ్గరున్న ఇస్పేటు తొమ్మిది ఇప్పట్లో కింద వేయకండి.