ట్యూబు ఎక్కడ ఆగింది? ల్యాబ్ టెక్నాలజిస్టుకు నిర్వహణ శిక్షణ ఎందుకు కావాలి

ఒక ఆసుపత్రి ల్యాబ్‌ను ఊహించుకుందాం. ఒక రోగి పొటాషియం 7.1 అని యంత్రం చూపించింది. మామూలుగా ఇది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. 7 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రిపోర్టు పంపేముందు టెక్నాలజిస్ట్ ట్యూబును వెలుతురుకు పెట్టి చూసింది. లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరమ్ ఎర్రగా ఉంది. రక్తం తీసేటప్పుడో, తెచ్చేటప్పుడో ఎర్ర రక్తకణాలు పగిలి, వాటిలోని పొటాషియం సీరమ్‌లో కలిసిపోయింది. యంత్రం సరిగ్గానే కొలిచింది. కానీ అది కొలిచినది రోగి ఒంట్లో ఉన్న పొటాషియం కాదు.

ఆమె మరో శాంపిల్ అడిగింది. ఆ పూటకు సమస్య తీరింది. అదే వార్డు నుంచి ఒకే వారంలో ఇలాంటి ట్యూబు నాలుగోసారి వస్తే? ఎవరితో మాట్లాడాలి? ఏ లెక్క చూపించి ఒప్పించాలి? మార్పు వచ్చిందని ఎలా తేల్చాలి? ఈ ప్రశ్నలకు జవాబు బయోకెమిస్ట్రీలో దొరకదు, నిర్వహణలో దొరుకుతుంది.

తప్పులు ఎక్కడ పుడుతున్నాయి?

ఇటలీలోని పాడువా ఆసుపత్రిలో అత్యవసర పరీక్షల ల్యాబ్‌లో జరిగే తప్పులను మారియో ప్లెబానీ, పావ్లో కరారో లెక్కగట్టారు. 1997లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం 68.2 శాతం తప్పులు పరీక్షకు ముందు దశలోనే జరిగాయి. యంత్రం దగ్గర జరిగినవి 13.3 శాతమే. మిగతావి ఫలితం వచ్చాక, రిపోర్టు చేరే దారిలో జరిగాయి. పదేళ్ల తర్వాత, 2007లో, మళ్లీ చూసినా పరీక్షకు ముందు జరిగే తప్పులే 61.9 శాతం ఉన్నాయి.

అంటే తప్పుల్లో ఎక్కువ భాగం మనుషుల మధ్య పుడుతోంది. పేరు తప్పుగా రాయడం, సరైన మూత రంగున్న ట్యూబు వాడకపోవడం, శాంపిల్ బల్ల మీదే ఉండిపోవడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. మన టెక్నాలజిస్టుల చదువులో మాత్రం ఎక్కువ సమయం యంత్రానికీ, రీజెంట్‌కూ పోతుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చార్టు

నిర్వహణ అనగానే అది ఆఫీసు గదిలో వాళ్ల పని అనుకుంటాం. నిజానికి ల్యాబ్‌లో రోజూ ఉదయం కంట్రోల్ శాంపిల్ నడిపి గీసే చార్టు ఫ్యాక్టరీ నిర్వహణ నుంచే వచ్చింది. అమెరికా టెలిఫోన్ పరిశ్రమలో సరుకు నాణ్యత గమనించడానికి వాల్టర్ షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్టును రూపొందించాడు. లెవీ, జెన్నింగ్స్ 1950లో దాన్ని ల్యాబ్‌కు తెచ్చారు. ఆ చార్టును చదివే నియమాలను జేమ్స్ వెస్ట్‌గార్డ్ బృందం 1981లో అందించింది. రీడింగ్ ఎప్పుడు మామూలుగా ఊగుతోంది, ఎప్పుడు గాడి తప్పింది అన్నది టెక్నాలజిస్టుకు బాగా తెలుసు. అదే చూపును యంత్రం మీద నుంచి ల్యాబ్ మొత్తం మీదికి తిప్పడమే నిర్వహణ శిక్షణ సారాంశం.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 60 శాంపిళ్లు వస్తున్నాయి. రక్తం తీసినప్పటి నుంచి రిపోర్టు వచ్చేదాకా ఒక్కోదానికి సగటున 2 గంటలు పడుతోంది. అలాగైతే ఏ క్షణంలో చూసినా సగటున 120 శాంపిళ్లు దారిలో ఉంటాయి. దీన్ని లిటిల్ సూత్రం అంటారు. బ్యాంకు క్యూకైనా, టోల్‌గేటుకైనా ఇదే వర్తిస్తుంది. ఆ 2 గంటల్లో యంత్రం తీసుకునేది 20 నిమిషాలే అనుకుందాం. ఖరీదైన కొత్త యంత్రం కొని దాన్ని 10 నిమిషాలకు తగ్గించినా మిగిలేది 10 నిమిషాలే. అదే వార్డు నుంచి 2 గంటలకోసారి తెచ్చే శాంపిళ్లను అరగంటకోసారి తెప్పిస్తే, సగటు నిరీక్షణ 60 నిమిషాల నుంచి 15కు పడిపోతుంది. 45 నిమిషాలు ఆదా. ఇది సమయానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఫ్లోరైడ్ లేని ట్యూబులో సీరమ్ వేరు చేయకుండా ఉంచిన రక్తంలో కణాలు గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రత వద్ద గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఆలస్యం అయ్యేకొద్దీ అంకె కూడా మారిపోతుంది.

ఆఫ్రికా చూపిన దారి

ఈ శిక్షణ ఎలా ఉండాలో చెప్పే మంచి ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. 2009లో రువాండా రాజధాని కిగాలీలో 'స్లమ్‌టా' అనే కార్యక్రమం మొదలైంది. ల్యాబ్ సిబ్బందికి మూడు వర్క్‌షాపులు, వాటి మధ్య కొన్ని నెలల విరామం ఉంటాయి. ఆ విరామంలో ప్రతి ఒక్కరూ తమ ల్యాబ్‌లోనే ఒక లోపాన్ని ఎంచుకుని, కొలిచి, సరిచేసి, మళ్లీ కొలిచి చూపించాలి. తిరస్కరించిన శాంపిళ్లు, అయిపోయిన రీజెంట్లు, ఆలస్యమైన రిపోర్టులు ఇక్కడ పాఠాలవుతాయి. ల్యాబ్ పనితీరుకు సున్నా నుంచి 5 నక్షత్రాల దాకా ఇచ్చే తనిఖీ పద్ధతి దీనికి తోడుగా ఉంటుంది. తరగతిలో విన్నది బెంచి దగ్గర రుజువు చేయాల్సి రావడమే దీని బలం.

మన దగ్గర అవకాశం

మన దేశంలో ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్‌ఏబీఎల్. అది అనుసరించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189. 2022లో సవరించిన ఈ ప్రమాణం రోగికి కలగగల ముప్పును ముందే అంచనా వేయాలని గట్టిగా చెబుతుంది. అంతర్గత ఆడిట్లు, లోపాల నమోదు, సిబ్బంది సామర్థ్య పరీక్ష వంటి పనులు ఎవరో ఒకరు చేయాలి. బెంచి పని తెలిసిన టెక్నాలజిస్టు కంటే వీటికి తగినవారు ఎవరు? అంతర్గత ఆడిట్ శిక్షణ నుంచి ఆసుపత్రి నిర్వహణలో పీజీ దాకా దారులు ఉన్నాయి. పెరిగే బాధ్యతతో పాటే క్వాలిటీ మేనేజర్, ల్యాబ్ మేనేజర్ వంటి హోదాలూ అందుబాటులోకి వస్తాయి.

హైదరాబాద్‌లో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో ఆరోగ్య కేంద్రాల్లో తీసిన శాంపిళ్లు కేంద్ర ల్యాబ్‌కు చేరతాయి. ఇలాంటి ఏర్పాటులో రవాణా, సమయం, చల్లదనం కూడా పరీక్షలో భాగమే. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ల్యాబ్ వృత్తికి చట్టబద్ధమైన స్థానం ఇచ్చింది. ఆ స్థానంలో పైకి వెళ్లే మెట్లు కూడా ఉండాలి.

ఒక హెచ్చరిక అవసరం. గోడకు తగిలించిన సర్టిఫికెట్‌తో ల్యాబ్ మారదు. ముగ్గురి పని ఒక్కరు చేస్తున్నచోట ఎంత శిక్షణ ఇచ్చినా ఖాళీలు నిండవు. సర్వీసు పెరిగిందని సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోబెట్టి, శిక్షణా అధికారమూ ఇవ్వకపోతే ఒక మంచి టెక్నాలజిస్టును పోగొట్టుకుని, ఒక బలహీనమైన మేనేజర్‌ను తెచ్చుకున్నట్టే.

మళ్లీ ఆ ఎర్ర ట్యూబు దగ్గరికి వద్దాం. శిక్షణ పొందిన టెక్నాలజిస్టు నెల రోజుల తిరస్కరణలను వార్డు వారీగా, షిఫ్టు వారీగా ఒక కాగితం మీద గీస్తుంది. ఆ కాగితంతో నర్సింగ్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్తుంది. తప్పు ఎవరిదని అడగదు. రక్తం తీసే తీరును ఇద్దరూ కలిసి చూస్తారు. వచ్చే నెల మళ్లీ లెక్కిస్తుంది. ఆ అంకె తగ్గితే, మరోసారి సూది పొడిపించుకోవాల్సిన బాధ కొందరికి తప్పుతుంది. తమకు అది తప్పిందని వాళ్లకు ఎప్పటికీ తెలియదు.