పూత దశలో మిద్దె మొక్కల పోషక లోపాలు: ఆకును బట్టి గుర్తించే విధానం

బెంగళూరులోని బళేపేట వాద్యపరికరాల దుకాణాలకు పేరుపొందిన పాత వీథి. కన్నడంలో ‘బళె’ అంటే గాజు. ఆ దుకాణాల పైనున్న మిద్దెల మీద టమోటా, మిరప, మల్లె పెంచుకొనే కుటుంబాలలో మన సరిహద్దు ప్రాంతం నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. అక్కడి మా బంధువుల ఇంట ఒక వేసవిలో పన్నెండు కుండీల టమోటా నిండుగా పూతకు వచ్చింది. అడుగు ఆకులు పసుపెక్కుతున్నాయని మా అత్తయ్య ఒక్కొక్క కుండీకి చెంచాడు యూరియా వేశారు. పది రోజులలో మొక్కలు ముదురు పచ్చగా ఏపుగా ఎదిగాయి గాని, పూత రాలిపోయింది. రెండు కుండీలలో మాత్రమే కాయ నిలిచింది.

ఆ ఆకులను ఆనాడు కొంచెం జాగ్రత్తగా చూసి ఉంటే లోపం నత్రజనిది కాదని తెలిసేది. ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల నడుమ భాగం మాత్రమే పసుపెక్కింది. అది మెగ్నీషియం లోపం. నత్రజని తక్కువైనప్పుడు ఈనెలతో సహా ఆకు మొత్తం వెలవెలబోతుంది.

లక్షణం ముందుగా ఏ ఆకులలో కనిపించిందన్నది మొదట చూడవలసిన విషయం. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో ఒక చోటి నుండి మరొక చోటికి కదలగలవు. పూతకు, పిందెకు అవి చాలనప్పుడు మొక్క ముదురాకుల నుండి తీసి పైకి పంపుతుంది. అందువలన వీటి లోపం అడుగు ఆకులలో మొదలవుతుంది. ముదురాకుల అంచులు మాడినట్లు గోధుమ రంగుకు తిరిగితే పొటాషియం చాలడం లేదని అనుమానించాలి. కాయ ఊరే కాలంలో ఈ అవసరం మిక్కుటం. అయితే పూత దశలో అడుగున రెండు మూడు ఆకులు పండి రాలడం సహజమే. దానికి ఏ ఎరువూ అవసరం లేదు.

ఇనుము, కాల్షియం, బోరాన్ ఇందుకు భిన్నం. ఒకసారి ఆకులో చేరిన తరువాత ఇవి దాదాపు కదలవు. కాబట్టి వీటి లోపం లేతాకులలో, చిగురులో, కాయలో కనిపిస్తుంది. చిగురాకు ఈనెలు పచ్చగా ఉండి మిగిలిన భాగం పాలిపోతే ఇనుము లోపం. చిగురు పెళుసెక్కి ముడుచుకొని, పూత రాలిపోతుంటే బోరాన్ లోపం కావచ్చును. అయితే ఎండ తీవ్రత వలన కూడా పూత రాలుతుంది. కాంక్రీటు మిద్దె మీద ఆ వేడి మరింత అధికం.

ఇక్కడ నీటి సంగతి చెప్పక తప్పదు. 2024 మార్చిలో తీవ్రమైన ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడరాదని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అన్నది. అట్టి సమయాలలో కుండీలకు దిక్కు బోరు నీరే. ఆ నీరు సున్నపు గుణం కలదైతే మట్టి క్రమంగా క్షార స్వభావం పొందుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు దానిని గ్రహించలేదు. ఎరువు ఎంత వేసినా చిగురు పాలిపోతూనే ఉంటుంది.

కాల్షియం కథ మరీ విచిత్రమైనది. టమోటా కాయ అడుగున నల్లని మచ్చ ఏర్పడి తోలులా గట్టిపడడాన్ని చాలామంది తెగులని భ్రమించి పురుగుమందు కొడతారు. మదనపల్లె వైపు టమోటా పండించే రైతులకు ఈ మచ్చ పరిచితమే. కాల్షియం నీటి వెంట ప్రయాణిస్తుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడవ రోజు కుండీ నింపితే, మట్టిలో సున్నం సమృద్ధిగా ఉన్నా కాయకు అందదు. చాలా ఇళ్ళలో దీనికి మందు రోజూ ఒకే వేళకు కొద్దికొద్దిగా నీరు పోయడం, మట్టిపై ఎండుటాకులు పరచడం. అంతకు మించి ఖర్చు లేదు.

చికిత్సకు ముందు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. నీరు నిలిచి వేరు కుళ్ళినా ఆకు పసుపెక్కుతుంది. మెగ్నీషియం లోపమని తేలితే లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సం లవణం కలిపి సాయంత్రం వేళ ఆకులపై పిచికారీ చేయవచ్చును. బోరాక్సు లీటరుకు 1 గ్రాము దాటరాదు, హెచ్చితే అదే విషమవుతుంది. కాల్షియం నైట్రేటును ఎప్సం లవణంతో ఒకే పాత్రలో చిక్కగా కలపకండి, అడుగున జిప్సం పేరుకుంటుంది. ఏ సూక్ష్మపోషకమో నిర్ధారణ కానివారికి, 1967లో స్థాపితమైన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ‘వెజిటబుల్ స్పెషల్’ మిశ్రమం ఉపకరిస్తుంది. మోతాదు ప్యాకెట్టుపై సూచించినంతే.

మాడిన అంచులు తిరిగి పచ్చబడవు. పిచికారీ చేసిన వారం పది రోజులకు కొత్తగా వచ్చిన ఆకును, నిలిచిన పిందెను చూసి ఫలితం లెక్కించుకోవాలి. ఈలోగా మరొక ఎరువు వేయకుండా ఓపిక పట్టండి.