నమూనా సమితిలో విద్యార్థి విలేఖరి

పెద్దలారా,

పట్టణమున చదువుచున్న మీ మనుమడో మనుమరాలో సెలవులకు ఇల్లు చేరి, “తాతయ్యా, నేను నమూనా ఐక్యరాజ్యసమితిలో పత్రికాబృందమున చేరితిని” అని చెప్పినచో, ఆ మాట మీకు వింతగా తోచవచ్చును. సమితియేమి, దానికి నమూనాయేమి, అందు పత్రికకు పనియేమి యని సందేహము కలుగుట సహజము. చదువు మాని ఆటలలో పడెనేమో యను శంకయు కలుగవచ్చును. ఈ పూట ఆ సంగతిని మీకు విశదపరుపదలచితిని.

ఐక్యరాజ్యసమితి 1945వ సంవత్సరమున ఏర్పడినది. నేడు 193 రాజ్యములు అందు సభ్యత్వము గలిగియున్నవి. విద్యార్థులు కొందరు ఒకచోట గుమికూడి, ఒక్కొక్కరు ఒక్కొక్క రాజ్యమునకు ప్రతినిధులై, ఆ రాజ్యము పక్షమున వాదించి, తీర్మానములు చేయుటకు నమూనా సమితి యని పేరు. పూర్వమున్న నానాజాతిసమితికి సైతము 1920 తరువాతి సంవత్సరములలో అమెరికా విశ్వవిద్యాలయములందు ఇట్టి నమూనాలు జరిగినవి. నేడు హైదరాబాదులోని పాఠశాలలును కళాశాలలును ఇట్టి సభలను తామే జరుపుచున్నవి. హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు ప్రాంతములలో నుండి చదువుకొను పల్లెబిడ్డలు అనేకులు గలరు. వారి చెవిని ఈ సభల మాట ఎప్పుడో ఒకప్పుడు పడకపోదు.

వీధినాటకమున రాముని వేషము గట్టినవాడు రాముడు గాడు. అయినను తెల్లవారువరకు రాముడు పలుకదగిన మాటయే పలుకవలెను. ప్రతినిధి పనియు అట్టిదే. తన స్వంత అభిప్రాయము ఏదైనను, తనకు వచ్చిన రాజ్యము మాటయే తన మాట. విలేఖరి స్థితి వేరు. సభలోని రాజ్యములు నమూనా, తీర్మానములు నమూనా. విలేఖరి వ్రాయు వార్త మాత్రము నమూనా కాదు. అచ్చట నిజముగా ఒకరు మాటాడిరి, నిజముగా ఒకరు వినిరి. ఆ మాటను తారుమారుచేసి వ్రాసినచో, మరునాటి ఉదయమున నలుగురిలో తల వంచుకొనునది ఒక నిజమైన బిడ్డయే.

ఇక చేరు విధము వినుడు. సభకు ముందుగా ప్రకటన వెలువడును. చేరగోరువారు దరఖాస్తుతోపాటు తాము వ్రాసిన వ్యాసమునో, తీసిన ఛాయాచిత్రమునో, గీసిన వ్యంగ్యచిత్రమునో పంపుదురు. బృందమునకు ఒక ప్రధానసంపాదకుడుండును, అతడును విద్యార్థియే. విలేఖరికి సాధారణముగా ఒక సభను ఒప్పగింతురు. అచ్చట ఎవరేమనిరో, ఏ సవరణ నెగ్గెనో, ఏది వీగెనో అతడు గుర్తించుకొనవలెను. అధ్యక్షుని యెదుట చేయు ప్రసంగములు వినినంత మాత్రమున చాలదు. నడుమ విరామములందు ప్రతినిధులు గుంపులుగూడి తీర్మానపు చిత్తులు వ్రాసికొందురు; రాజీలు కుదురునది అచ్చటనే. అయితే, చాటున విన్న మాటను చెప్పినవాని అనుమతి లేక పేరుపెట్టి ప్రకటింపరాదు. కొన్ని సభలలో విలేఖరులు ప్రతినిధులను బహిరంగముగా ప్రశ్నించుటకును వేళ ఏర్పాటుచేయుదురు. రాత్రికి వ్రాసినది సంపాదకుడు దిద్దును. తెల్లవారుసరికి సంచిక చదువరుల చేతిలో నుండవలెను.

ఈ పనిలోని కష్టము తెలియుటకు మన హైదరాబాదు చరిత్రయందే నిదర్శనము గలదు. 1948 ఆగస్టు 21వ తేదిన నిజాము ప్రభుత్వము భారతదేశముపై భద్రతామండలికి తంతి మూలమున ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 13వ తేదిన భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 16వ తేదిన మండలి పారిసు నగరమున సమావేశమై, ఆ విషయమును చర్చనీయాంశముల పట్టికలో చేర్చుటకు వోట్లు తీసెను. నాటి సభ్యరాజ్యములు 11. అందు 8 చేర్చవలెననెను, 3 తటస్థముగా నుండెను, కాదన్నది లేదు. మరునాడే సంస్థానమున పోరు ముగిసెను. 22వ తేదిన నిజాము ఫిర్యాదును ఉపసంహరించుకొనుచు తంతి పంపెను.

పెద్దలారా, 16వ తేది నాటి వార్తను విలేఖరి యెట్లు వ్రాయవలెను? “మండలి నిజాము పక్షము నంగీకరించెను” అని వ్రాసినచో అది అబద్ధము. గ్రామపంచాయతిలో ఒకని మొర వినుటకు పెద్దలు సమ్మతించినంతనే వాడు గెలిచినట్లు కాదుగదా! పట్టికలో చేర్చుట వేరు, న్యాయము తేల్చుట వేరు. తటస్థముగా నున్న మూడు రాజ్యములు వ్యతిరేకించెనని వ్రాయుటయు తప్పే. ఒక్క క్రియాపదము మారినచో దూరదేశమున జరిగినది ఇంటికడ వేరుగా వినబడును. నమూనా సభలో విద్యార్థి అభ్యసించునది ఈ జాగ్రత్తనే. కొన్ని సభలలో ఒక్కొక్క విలేఖరికి ఒక్కొక్క దేశపు వార్తాసంస్థ పేరు నిచ్చి, ఆ దృష్టితో వ్రాయుమందురు. ఒకే ప్రసంగము రెండు పత్రికలలో రెండు తీరుల నెందుకు కనబడునో వారికప్పుడు తెలియును. అట్టివారు పెద్దయైన పిమ్మట ఏ పత్రికను చదివినను గ్రుడ్డిగా నమ్మరు.

నిజము వ్రాయుట ఎల్లప్పుడును ఇంత సుఖముగా సాగలేదు. నిజాము ఫిర్యాదు పంపిన ఆ ఆగస్టు నెలలోనే, హైదర్‌గూడకు కొలదిదూరమున నున్న కాచిగూడలో, ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్ హత్యకు గురియయ్యెను. సంస్థానము భారతదేశమున చేరవలెనని ఆయన వ్రాసెను. అదియే ఆయన చేసిన నేరము. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు. విద్యార్థి విలేఖరికి నేడట్టి భయము లేదు. కాని కలము పట్టుట యనగా నేమో ఆ కథ తెలిసినవాడు తేలికగా నెంచడు.

కావున మీ బిడ్డ ఈ మాట యెత్తినప్పుడు వలదని కసరక, మూడు ప్రశ్నలడుగుడు. పరీక్షల దినములకు ఇది అడ్డమా? రుసుమెంత, ఆ ధనమునకు ఏమి లభించును? సభ ముగిసి బసకు చేరునప్పటికి వేళ యెంత? ఇందులకు సరియైన సమాధానము వచ్చినచో పంపుడు. ఈ సభలు తరచుగా ఇంగ్లీషున జరుగునని కొందరు పల్లెబిడ్డలు జంకుదురు. వార్తకు కావలసినది ఆడంబరమైన ఇంగ్లీషు కాదు, పొట్టివాక్యమును సరియైన పేరును. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమున్నది. సభకు ముందు కొన్నిదినములు అచ్చట కూర్చుండి, ఒకే వార్తను రెండు మూడు పత్రికలలో పోల్చి చదువుమనుడు. అంతకు మించిన సాధన వేరొకటి లేదు.

సభ ముగిసి వచ్చిన పిమ్మట, గెలిచితివా యని యడుగకుడు. విలేఖరికి గెలుపోటములు లేవు. “నీవు వ్రాసినది చదివి, ఆ మాట నేననలేదని ఎవరైన అనిరా?” అని యడుగుడు. ఎవరును అనలేదని చెప్పగలిగినచో, వాడు పట్టణమున నేర్వవలసినదానిలో ఒక పెద్దపాఠము నేర్చినట్లే. రచ్చబండకడ సాక్షి యెట్లుండవలెనని మీరు కోరుదురో, అట్టి సాక్షి మీ యింటనే తయారగుచున్నాడని సంతసింపుడు.

సెలవు.