ఏ నేల ఎందులకు?

శ్రీనాథ మహాకవి కడపటి దినములను గూర్చి తెలుగుదేశమున ఒక కథ వాడుకలో నున్నది. కొండవీటి రెడ్డిరాజ్యము అంతరించిన పిమ్మట ఆయన కృష్ణాతీరమందలి బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని సేద్యము చేయించెనట. పంట కొంత ఏటివరద పాలయ్యెను. నువ్వులు, పెసలు పిట్టల పాలయ్యెను. గుత్తసొమ్ము ఏడువందల టంకములు మాత్రము తఱుగలేదు. ఆ చాటువు శ్రీనాథుడే చెప్పెనా, ఆయన దుస్థితికి కరగి మఱియొకరు చెప్పిరా యన్న చర్చను సాహిత్య చరిత్రకారులకు విడుచుదము. సేద్యగాండ్రు గమనింపదగినది వేఱొకటి కలదు. గుత్త నిర్ణయించినవాడు “ఈ నేల ఎంత యిచ్చును?” అని మాత్రమే అడిగెను. “ఈ నేల ఎందులకు తగును? ఏ నెలలో తగును? ఏఱు పొంగినచో ఏమగును?” అని అడిగినవాడు లేడు. భూమి యోగ్యతను నిర్ణయించు విద్య యంతయు ఈ రెండు విధముల ప్రశ్నల నడుమనున్న దూరమునుండి పుట్టినదే.

కొండపల్లి దుర్గముమీద నిలిచి చూచినవారికి ఆ దూరము కన్నులకు కట్టును. రెడ్డిరాజుల కాలమున, 14వ శతాబ్దమున, వెలసిన యీ కోటను పిమ్మట గజపతులు, విజయనగర రాయలు, గోలకొండ సుల్తానులు ఏలిరి. 1766లో ఇది ఇంగ్లీషు కంపెనీవారి వశమయ్యెను. ఉత్తర సర్కారులలో నొకదానికి దీని పేరే చెల్లినది. 2022 నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. కోటగోడ క్రింద రాతివాలు. దాని క్రింద ఎఱ్ఱని గరపనేల. ఆవల నల్లరేగడి చేలు. దక్షిణముగా ఇబ్రహీంపట్టణపు విద్యుత్కేంద్రము, దానిని ఒరసికొని కృష్ణ. నదివెంట దిగి బెజవాడ దాటినచో డెల్టాలోని ఒండుమట్టి, ఇంకను పోయినచో దివిసీమ, సముద్రపుటొడ్డున చవుడు. ఒక పగటి ప్రయాణములో ఇన్ని తీరుల నేల కానవచ్చు చోటులు అరుదు.

మన పూర్వులకు ఈ భేదములు తెలియనివి కావు. రేగడి, గరప, చెలక, ఒండు, లంక, చవుడు, బీడు అను మాటలే అందులకు సాక్ష్యము. నల్లనేలకు శాస్త్రజ్ఞులు ఇంగ్లీషులో వాడు “రేగర్” అను పేరు మన రేగడి నుండి పోయినదే. శాసనములలో దానమిచ్చిన భూమిని నీరునేల యనియు, వెలిచేననియు, తోటభూమి యనియు వేఱుపఱచి చెప్పుట కలదు. కొలతయు ఆ తీరుననే యుండెను. పుట్టెడు చేను, తూమెడు చేను, కుంచెడు చేను అనగా అన్ని గింజలు విత్తుటకు చాలిన నేల. వడ్లు చల్లు కుంచెడు చేనును, జొన్న చల్లు కుంచెడు చేనును వైశాల్యమున సమానములు కావు. కొలతబద్దతో చూచువారికి ఇది గందరగోళముగా తోచవచ్చును. కాని పైరును విడిచి నేలను చెప్పరాదన్న ఎఱుక ఆ కొలతలోనే యిమిడియున్నది.

కంపెనీ కాలమున, పిదప దొరతనమువారి కాలమున, ఈ లెక్క తలక్రిందులయ్యెను. రైతువారీ సెటిల్మెంటు జరిగిన గ్రామములలో అధికారులు నేలను మొదట జాతులుగా విభజించిరి: ఒండు, నల్లరేగడి, ఎఱ్ఱనేల, ఇసుకనేల. ఒక్కొక్క జాతిలో బంకపాలెంత, ఇసుకపాలెంత యని చూచిరి. అందులోను మేలైనది, నడితరము, నాసి యని మెట్లు కట్టిరి. మాగాణికి వరిని, మెట్టకు జొన్నవంటి పైరును ప్రమాణముగా గైకొని ఎకరమునకు ఇన్ని గింజలని అంచనా వేసి, ధర కట్టి, సేద్యపు ఖర్చు తీసివేసి, మిగిలినదానిలో సగము సర్కారు పాలని తీర్మానించిరి. ఇట్లు ఏర్పడిన మెట్టునకు “తరము” అని పేరు. పొలమునకు సర్వే నంబరు ఎట్టిదో తరమును అట్టిదే. కరణముగారి లెక్కలో అది చెఱగని వ్రాత.

ఆ పనిలోని శ్రద్ధను తక్కువ చేసి చెప్పరాదు. ఊరూర తిరిగి, గుప్పిట మన్ను తీసి తడిపి, నలిపి, వ్రేళ్ళనడుమ సాగదీసి బంకతనమును పరీక్షించిన వర్గీకరణ యది. నేడు శాస్త్రజ్ఞులు పొలములో చేయు తొలిపరీక్షయు అదియే. అయినను దాని ప్రయోజనము శిస్తు. శిస్తుకొఱకు కట్టిన నిచ్చెనపై నేలలన్నియు ఒకదానిక్రింద నొకటి నిలువవలసినదే. పక్కపక్కన నిలుచుటకు చోటు లేదు. నిచ్చెనపై నిలువలేనివి బంజరులు, పోరంబోకులు. పోరంబోకు అను మాట తమిళమునుండి వచ్చినది. లెక్కకు వెలుపల పడినది అని దాని భావము. నేలకు పెట్టిన ఆ పేరును మనవారు పనిపాటలు లేని మనుష్యునికి తిట్టుగా మార్చినారు. భాష ఊరక మాఱదు.

తరము చెఱగని వ్రాత కాదని కృష్ణానదియే ఋజువు చేసినది. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను పాడుచేసిన డొక్కలకరువు ఈ నల్లనేలలమీదనే వచ్చినది. ఏటి యొడ్డుననే వేలకొలది జనులు ఆకలిచే మడసిరి. సర్ ఆర్థరు కాటన్ ప్రోద్బలమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852 మొదలు 1855 వఱకు ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ఆనకట్ట లేచెను. ఆ స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. నేడు దానిక్రింద సాగు సుమారు పదమూడు లక్షల ఎకరములు. వానకు ముఖము వాచిన చేలే వరిమళ్ళైనవి. మట్టి మాఱలేదు, నీరు మాఱినది. కనుక భూమి శక్తి యనగా మట్టిలో దాగిన గుణము మాత్రమే కాదు. మట్టి, నీరు, వాలు, ఋతువు, మనుష్యుని పని యివన్నియు కలిసిన ఫలము.

నీరు ఒక్కటియే వచ్చిన చాలదు. బంకనేలకు పెట్టిన నీరు తిరిగి పోవు దారి లేనిచో ఊట పైకి లేచును, దానితో ఉప్పును లేచును. డెల్టాలో పంటకాలువ ఎంతటిదో మురుగుకాలువయు అంతటిది. పంటకాలువలకు పూజలు జరుగును, మురుగుకాలువలను తూడు కప్పివేయును. రైతు నష్టము లెక్కకట్టినచో రెండవదానికే ముందుగా కొబ్బరికాయ కొట్టవలసియుండును.

ఆధునిక శాస్త్రము పాత కుంచెడు చేని తర్కమునకే తిరిగివచ్చినది. 1976లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించిన భూమి మూల్యాంకన విధానములో మొదటి సూత్రము: నేలను ఒక నిర్దిష్ట వినియోగమునకై మాత్రమే తగినదనియో తగనిదనియో చెప్పవలెను. మిక్కిలి తగినది, ఒక మోస్తరుగా తగినది, అంతంతమాత్రము తగినది, తగనిది అను తరగతులు ఒకే పొలమునకు వరి విషయమున నొకటి, మామిడి విషయమున నొకటి కావచ్చును. ఆ 1976లోనే మనదేశమున నేలల సర్వేకు జాతీయ సంస్థ నాగపూరులో ఏర్పడినది. మఱియొక సూత్రము: పది గుణములు బాగుండి ఒకటి చెడినచో, ఆ పైరునకు తరగతిని నిర్ణయించునది చెడిన గుణమే.

ఉదాహరణకు మైలవరము, నూజివీడు ప్రాంతముల ఎఱ్ఱనేలలను చూడుడు. నీరు నిలువదు, వరికి అది పెద్ద లోపము. మడి కట్టి దమ్ము చేసినను నీరు క్రిందికి జాఱిపోవును. అదే గుణము మామిడికి వరము. లోతుగా దిగు వేళ్ళకు గాలి కావలెను, వేరుక్రింద తేమ యుండవలెనేకాని నీరు నిలువరాదు. నూజివీడు రసములకు కలిగిన పేరు ఆ జాఱిపోవు నీటి చలువయే. ఆ చెట్టునే డెల్టా బంకమట్టిలో నాటినచో ఆకు బాగుగనే యుండును. వేరు ఊపిరాడక తీసికొనును. శిస్తు నిచ్చెనపై ఎకరమునకెకరము పోల్చినచో డెల్టామడి పైన, ఎఱ్ఱచేను క్రింద. తోటవేయువాని కంటికి రెండును సరిసమానమైన యోగ్యులు, పనులు వేఱు.

కాలమును యోగ్యతలో భాగమే. దివిసీమ రైతు వరి కోయుటకు రెండుమూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లును. దుక్కి లేదు, తడి లేదు. కోతయైన పిమ్మట బంకమట్టి దాచుకొన్న తేమయే మినుమునకు ఆధారము, మంచు తోడు. ఆ తేమ ఆఱకముందు చల్లవలెను, మడిలో నీరు నిలిచియున్నపుడు చల్లరాదు. ఈ పది దినముల నడుమ అదే నేల మినుమునకు మిక్కిలి తగినది. ముందు తగదు, తరువాత తగదు. ఏ పటములోను ఈ పది దినములు కనబడవు.

చవుడు విషయమున పల్లెవాని మాట శాస్త్రపు మాటకు తీసిపోదు. నేలపై తెల్లని పొర పేర్చునది పాలచవుడు. నీరు ఇంకక, తడిసిన జిగటగా, ఎండిన రాయిగా నుండునది కారుచవుడు. మొదటిది కరగు లవణములు హెచ్చైనది. మంచినీరు నిలిపి, దిగువకు తీసి కడిగినచో లొంగును. రెండవదానిలో మట్టిరేణువులను సోడియము పట్టియుండును. క్షారగుణము ఉదజని సూచికపై 8.5 దాటును. దానిని ఎంత కడిగినను ఫలము లేదు. ముందు జిప్సము వేయవలెను. రెండును తెలుపే యనుకొని ఒకే వైద్యము చేయువారు డబ్బును నీటిని కూడ పోగొట్టుకొందురు.

ఇది పాఠశాలలో చూపదగని విద్య కాదు. గాజుసీసాలో మూడవవంతు మన్ను పోసి, నీరు నింపి, బాగుగ కుదిపి కదలక నుంచినచో ఒక నిమిషములో ఇసుక అడుగు చేరును, కొన్ని గంటలలో ఒండు చేరును, బంక మఱునాటికిని నీటిలో తేలుచుండును. కొండపల్లి బాలుడు కొండక్రింది మన్నును, బంధువుల ఊరినుండి తెచ్చిన డెల్టా మన్నును రెండు సీసాలలో ప్రక్కప్రక్కన నుంచినచో పుస్తకము చెప్పలేనిది చూచును. పరీక్షశాలకు పంపు మన్ను తీయుటలోను ఒడుపు కలదు. చేనిలో పలుచోట్ల ‘వి’ ఆకారపు గుంట తీసి జానెడు కంటె కొంచెము తక్కువ లోతు మన్ను గీకవలెను. గట్లు, చెట్లనీడ, పెంటకుప్పల చోటు విడువవలెను. అంతయు కలిపి నాలుగు పాళ్ళు చేసి ఎదురెదురు పాళ్ళు పాఱవేయుచు అరకిలో మిగిల్చవలెను. పండ్లతోటకైనచో రెండు గజముల లోతువఱకు అడుగడుగునకు వేఱువేఱుగ తీయవలెను. 2015లో దేశమంతట ఆరంభమైన భూసార పరీక్షాపత్రములలో పండ్రెండు గుణములు వ్రాసియిత్తురు. గట్టుమీది మన్ను పంపినవానికి గట్టు ఆరోగ్యమే తెలియును.

ఆ పత్రములోనికెక్కని గుణము వరద. కొండలలో పుట్టి కొల్లేటికి పోవు బుడమేరు 2024 సెప్టెంబరులో పొంగినపుడు కొండపల్లి దాపున దాని మళ్ళింపు కాలువకు గండ్లు పడెను, బెజవాడ ఉత్తరభాగము నీట మునిగెను. ఆ దినములలోనే బ్యారేజి గుండా పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయెను. వరద పోయిన చేలలో కొన్నింట ఇసుక మేటలు వేసెను. నిన్నటి ఒండునేల నేడు ఇసుకనేల. దస్తావేజులో మాత్రము పాత తరమే.

ఇక లెక్కకు వెలుపల పడిన కొండవాలు. అక్కడ మన్ను పలుచన, రాయి మెండు, నీరు నిలువదు. వరికి తగదు, ప్రత్తికి తగదు, మామిడికి సైతము చాలదు. అక్కడ పెరుగునది తెల్లపొణికి. ఆముదపు కుటుంబమునకు చెందిన యీ చెట్టు కఱ్ఱ మిక్కిలి తేలిక, ఉలికి మెత్తన. దశావతారములు, అంబారీ యేనుగు, తాడిచెట్టెక్కు గీతగాడు, ఎద్దులబండి యివన్నియు ఆ కఱ్ఱ చెక్కి, చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు పూసి చేసినవే. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ బొమ్మను నిలబెట్టిన నేలను మాత్రము ఏ పంటకును తగనిదని వ్రాసిరి.

అట్టి వ్రాత ఫలము చూడవలెనన్న దూరము పోనక్కఱలేదు. బెజవాడ పరిసరముల కొండలను త్రవ్వి తెచ్చిన కంకరమన్ను, ఇండ్లస్థలములకై పల్లపు చేలను మెరక చేయుటకు పోయుచుందురు. బండి యొకటియే, అది పొణికికి తప్ప దేనికిని తగని నేలను ఎత్తుకొనిపోయి, వరికి మిక్కిలి తగిన నేలను కప్పివేయును. కప్పిన మడిని తిరిగి మడిగా చేయుట ఏ జిప్సముచేతను కాదు.

బొమ్మలవారికి పొణికి కఱ్ఱ దొరకుట నానాటికి కష్టమగుచున్నది. చెట్టును నాటి పెంచుదమన్నను, గింజపెంకు గట్టిది. ఊరక చల్లినచో అధికభాగము మొలవదు. పెంకు పదునుచేసి నారు పోయవలెను. నారు నిలిచిన పిమ్మట దానిని నాటుటకు కావలసినది సారవంతమైన భూమి కాదు. నీరు నిలువని, రాళ్ళు నిండిన, ఎవరును శిస్తు కట్టని ఆ వాలునేలయే.