డో క్వాన్ నాణెము - నూటికి ఇరువది వడ్డీ

చేతిఫోనులు పల్లెలకు వచ్చిన పిమ్మట క్రిప్టో నాణెముల ప్రస్తావన రచ్చబండ దనుక వచ్చినది. ఏటికి నూటికి ఇరువది రూపాయల వడ్డీ నిచ్చు నాణెములు గలవట, అందు సొమ్ము వేయవచ్చునా యని సభ్యులు కొందరు మమ్ము నడుగుచున్నారు. అవుననియో కాదనియో యొక్క మాటతో ముగించుటకంటె, సరిగా నట్టి వడ్డీనే చూపి వేలకోట్ల డాలర్లను రాబట్టి, తుదకు చెరసాల చేరిన యొక మనుష్యుని చరిత్రమును చదువరుల ముందుంచుట మేలని తలంచితిమి. ఆయన పేరు డో క్వాన్. దేశము దక్షిణ కొరియా.

క్వాన్ 1991 సం॥న సియోలు నగరమున జన్మించెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము నభ్యసించి, కొలదికాలము పేరుపొందిన కంపెనీలలో పనిచేసి, స్వదేశమునకు మరలెను. 2018 సం॥న డేనియల్ షిన్ అను భాగస్వామితో గూడి సింగపూరున టెర్రాఫారమ్ ల్యాబ్స్ అను కంపెనీని స్థాపించెను. అప్పటి కాయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు. చదువున గాని చురుకుదనమున గాని ఆయనకు కొదువ లేదని విరోధులును ఒప్పుకొందురు.

ఆ కంపెనీవారు తలపెట్టిన పని యేదన: బిట్‌కాయిన్ వంటి నాణెముల వెల నేడున్నట్లు రేపుండదు. అట్టి దానితో వర్తకము సాగదు. కావున ఎల్లప్పుడు ఒక డాలరు విలువనే నిలుపుకొను స్థిర నాణెము లేర్పడినవి. వీనిలో కొన్నింటికి నాణెమొక్కటికి డాలరు చొప్పున రొక్కమో, ప్రభుత్వ పత్రములో ఖజానాలో నిలువ యుంచెదరు. క్వాన్ ఆ మార్గమును విడిచెను. 2020 సెప్టెంబరున వెలువడిన ఆయన 'టెర్రా డాలరు' వెనుక రొక్కము లేదు. దానికి పూచీ 'లూనా' అను మరియొక నాణెము. ఆ లూనాను సృష్టించినదియు వారి కంపెనీయే. టెర్రా డాలరు నెవరు తెచ్చి యిచ్చినను, నాటి ధర ప్రకారము ఒక డాలరు విలువగల క్రొత్త లూనాలను కంప్యూటరే పుట్టించి యిచ్చుట నిబంధన. గాదెలో గింజ లేకుండ ఒక చీటికి పూచీగా మరియొక చీటిని వ్రాసి యిచ్చుట వంటి దిది. లూనాకు గిరాకి యున్నంతకాలము ఈ యేర్పాటు చక్కగా నడచును. గిరాకి పోయిన నాడు రెండు చీటులును ఒక్కటే యగును.

అయిన జనులు దానిని ఏల కొనిరి? వడ్డీ కొరకు. 2021 మార్చిలో 'యాంకర్' అను డిపాజిట్టు పద్ధతి వెలువడినది. టెర్రా డాలర్లను అందుంచినవారికి ఏటికి నూటికి సుమారు పందొమ్మిదిన్నర వడ్డీ యని ప్రకటించిరి. రైతులకు వడ్డీ సంగతి మేము చెప్ప నక్కరలేదు. డిపాజిట్టుదారుని వడ్డీ అప్పు తీసికొన్నవాని యొద్దనుండియే రావలయును. వానికది పంటనుండి రావలయును. యాంకరులో అప్పులు డిపాజిట్లలో కొలది భాగమే. వచ్చుబడికి మించి వడ్డీ పోవుచుండగా ఆ లోటును నిలువ నిధినుండి పూడ్చుచు వచ్చిరి. ఆ నిధియు తరిగిపోగా 2022 ఫిబ్రవరిలో క్వాన్ పక్షపు సంస్థయే 45 కోట్ల డాలర్ల విలువగల నాణెములను అందు పోసెను. అనగా వడ్డీ యనుపేర చెల్లినది చాలవరకు సంపాదన కాదు, పిలుపు మాత్రమే.

ఈ చరిత్రమంతటికిని కీలకమైన ఘట్టము 2021 మే మాసమున జరిగినది. అప్పుడు టెర్రా డాలరు ఒక డాలరుకంటె తగ్గి, తొంబది సెంట్ల చేరువకు దిగెను. కొలదిదినములలో మరల కుదుటపడెను. కంప్యూటరు సూత్రమే తన్ను తాను చక్కబరచుకొన్నదని క్వాన్ ప్రకటించెను. నిజమది కాదు. ఒక వ్యాపార సంస్థతో లోపాయికారిగా మాటలాడి, వారిచే కోట్ల డాలర్లు పెట్టించి నాణెములను కొనిపించి ధరను పైకెత్తిరి. చెరువుకట్టకు గండి పడగా రాత్రికిరాత్రి బస్తాలతో పూడ్చి, కట్ట తనంతట తానే మూసికొన్నదని తెల్లవారి టముకు వేయించినట్లున్నది. ఆ మాటను నమ్మి కట్టక్రింద ఎందరు ఇండ్లు కట్టుకొనిరో చూడుడు: గండి పడిననాడు ఆ నాణెముల మొత్తము సుమారు 200 కోట్ల డాలర్లు, మరుసటియేడు అది 1,800 కోట్లు దాటినది.

ఆ సంవత్సరమున క్వాన్ అహంకారమునకు మేర లేకుండెను. బ్రిటిషు ఆర్థికవేత్త యొకామె ఈ పద్ధతిలోని లోపమును వ్రాయగా, బీదవారితో తాను వాదింపనని బహిరంగముగా బదులు వ్రాసెను. 2021 సెప్టెంబరున న్యూయార్కులో నొక సభకు వచ్చినపుడు అమెరికా సెక్యూరిటీల కమిషనువారు సమన్లు అందజేయగా, ఆ కమిషనుపైననే దావా వేసెను. ఇదియంతయు ధైర్యమని అనుచరులు మెచ్చుకొనిరి. 2022 ఏప్రిలునాటికి ఒక్క లూనా వెల సుమారు 119 డాలర్లకు ఎక్కెను.

2022 మే 7వ తేదీన పెద్ద మొత్తములు యాంకరునుండి తరలుట మొదలైనది. టెర్రా డాలరు మరల సడలెను. పూచీకని సమకూర్చియుంచిన సుమారు 80,000 బిట్‌కాయిన్లను కొలదిదినములలోనే దాదాపు పూర్తిగా వెచ్చించిరి, ప్రయోజనము లేకపోయెను. జనులు టెర్రా డాలర్లను లూనాలుగా మార్చుకొన్నకొలది లూనాలు పెరిగెను. పెరిగినకొలది వాని వెల పడెను. వెల పడినకొలది ఒక్కొక్క డాలరునకు మరి యెక్కువ లూనాలు పుట్టవలసివచ్చెను. 35 కోట్ల లూనాలు ఒక్క వారములోపల సుమారు ఆరున్నర లక్షల కోట్లైనవి. 119 డాలర్ల నాణెము సెంటులో నూరవవంతునకైన కొరగాకపోయెను. స్థిర నాణెమును ఇరువది సెంట్ల లోపునకు దిగజారెను. మొత్తము నష్టము సుమారు 4,000 కోట్ల డాలర్లని లెక్కకట్టిరి. ఇల్లు కొన కూడబెట్టినవారును, ముదుసలి వయస్సునకని దాచుకొన్నవారును అందున్నారు.

2022 సెప్టెంబరులో కొరియా న్యాయస్థానము వారంటు పుట్టించెను. తాను పారిపోవుటలేదని క్వాన్ వ్రాయుచునే యుండెను. 2023 మార్చి 23న మాంటినీగ్రో దేశమున పాడ్‌గోరికా విమానాశ్రయమునందు దొంగ పాస్‌పోర్టుతో దుబాయికి బయలుదేరుచు పట్టుబడెను. అచ్చటనే ఆ నేరమునకు నాలుగు నెలల శిక్ష పడినది. కొరియాయు అమెరికాయు ఆయనను తమ కప్పగింపుమని కోరగా, తగవు చాలకాలము సాగి, 2024 డిశెంబరు 31న అమెరికాకు అప్పగించిరి. అంతకుముందే 2024 ఏప్రిలులో న్యూయార్కు జ్యూరీ సివిలు దావాలో ఆయనయు కంపెనీయు మోసమునకు బాధ్యులని తీర్పు చెప్పియుండెను. 2025 ఆగస్టులో క్వాన్ నేరము నొప్పుకొనెను. డిశెంబరు 11న న్యాయాధిపతి పాల్ ఎంగెల్‌మేయర్ 15 సంవత్సరముల ఖైదు విధించెను. ప్రభుత్వ పక్షమువారు కోరినది 12 ఏండ్లే.

ఇచట నొక సూక్ష్మమును చదువరులు గమనింపవలయును. క్వాన్ పద్ధతి చెడిపోయినందుకు మాత్రమే శిక్ష పడలేదు. క్రొత్త విత్తనము వేసి పంట పోగొట్టుకొన్నవానిని ఎవరును చెరసాలకు పంపరు. ఆయన పద్ధతి దాచినది గాదు. దాని నిబంధనలు అందరు చదువుటకు వీలుగనే యుండెను, హెచ్చరించినవారును ఉండిరి. న్యాయస్థానము పట్టుకొన్నది అబద్ధమును. 2021 మేలో ధరను ఎత్తినది కొనుగోలు సంస్థయని దాచి, సూత్రమే నిలిపినదని చెప్పితినని ఆయనయే ఒప్పుకొనెను. ఆనాడు నిజము చెప్పియున్న టెర్రా అప్పుడే కుదించుకొని, నష్టమును అంతతో ఆగియుండును. ఆ పిమ్మటి యేడాదిలో వచ్చి చేరినవారి నష్టము ఆ యొక్క మాట మీద నిలిచినది.

మన దేశమున 2022 ఏప్రిలునుండి ఇట్టి నాణెముల లాభముపై నూటికి 30 చొప్పున పన్ను విధించుచున్నారు. పన్ను గలదు గనుక సర్కారు పూచీ గలదని కొందరు భ్రమించుచున్నారు. అట్టి పూచీ లేదు. బ్యాంకు డిపాజిట్టునకు 5 లక్షల రూపాయల వరకు గల బీమాయు వీనికి వర్తింపదు.

కావున సభ్యులు ఎవరైన హెచ్చు వడ్డీని చూపినపుడు ఆ వడ్డీ ఎవని కష్టమునుండి వచ్చుచున్నదని ముందు అడుగవలయును. జవాబు చెప్పువాడు మీ చదువును, మీ బీదతనమును ఎత్తిపొడిచిన యెడల, మీ ప్రశ్నకు జవాబు వానియొద్ద లేదని గ్రహించి, మూటముడి విప్పక యింటికి మరలుడు.