చవక పనిముట్లలోని ఉక్కు

సంతలోను, బస్సుస్టాండు పక్కన గుడ్డ పరచిన అంగడిలోను, ఈనాడు చేతిలోని ఫోనులోనే తెరచుకొనే దుకాణాలలోను పనిముట్ల పెట్టెలు ఎంతో చవకగా దొరుకుతున్నవి. మూత తీయగానే డజను స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లయరు, ఒక సుత్తి తళతళలాడుతూ కనిపిస్తాయి. ఏడాదికి నాలుగుసార్లు కుళాయి బిగించుకొనే గృహస్థునికి ఇంతకంటె ఏమి కావాలి? ప్రశ్న సమంజసమైనదే. కాని సమాధానము ధరలో లేదు, మెరుపులో అసలే లేదు. ఆ మెరుపు పైనున్న పలుచని క్రోమియం పూత మాత్రమే. పనిముట్టు యోగ్యత దాని ఉక్కులో కలసిన కర్బనమును బట్టి, ఆ ఉక్కును కాల్చి చల్లార్చిన తీరును బట్టి ఉంటుంది.

స్పానరు మీద పడే బలము ఎంతో మొదట చూడవలెను. సైకిళ్లకు, మోటారు వాహనాలకు వాడే 17 మిల్లీమీటర్ల నట్టు ఒకటి తీసుకొందాము. దాని ఆరు భుజాలలో ఒక్కొక్కటి సుమారు 1 సెంటీమీటరు పొడవుంటుంది. నట్టు కేంద్రమునుండి 20 సెంటీమీటర్ల దూరములో స్పానరును పట్టుకొని 20 కిలోల బరువుతో సమానమైన బలము ప్రయోగించినామనుకొందాము. స్పానరు దవడలు నట్టు భుజములను నిండుగా ఒత్తవు. ఎదురెదురు మూలల దగ్గర మాత్రమే ఒత్తుతాయి. ఈ రెండు ఒత్తిళ్ల మధ్య దూరము సుమారు 1 సెంటీమీటరే. మీట సూత్రము ప్రకారము 20ని 20తో గుణిస్తే 400. అనగా ఒక్కొక్క మూలమీద దాదాపు 400 కిలోల బరువు మోపినట్లన్నమాట! అదియును దారమంత సన్నని గీతమీద.

ఉక్కు మెత్తనిదైతే ఇంత బలానికి దవడలు కొంచెము విచ్చుకుంటాయి. విచ్చుకొన్న దవడ నట్టు మూలలను అరగదీస్తుంది, ఒక్కసారిగా జారుతుంది, పట్టిన పిడికిలి ఎదుటి ఇనుమును తాకుతుంది. చర్మము చీరుకొనుట అటుంచి, మూలలు గుండ్రపడిన నట్టుకు ఆ తరువాత మంచి స్పానరు తెచ్చినా పట్టు దొరకదు. చవక పనిముట్టు వలన కలిగే నష్టము సాధారణంగా పనిముట్టుది కాదు, దానితో బాగుచేయబోయిన వస్తువుది.

ఇక ఉక్కు సంగతి. ఇనుములో కర్బనము 0.25 శాతము లోపుంటే అది మెత్తని ఉక్కు. మేకులకు, తీగెలకు పనికివస్తుంది. కోసే పనిముట్లకు 0.6 నుండి 1.5 శాతము వరకు కర్బనము కావాలి. 2 శాతము దాటితే పోత ఇనుము, దెబ్బకు పగులుతుంది. పనిముట్ల ఉక్కును ఎర్రగా, సుమారు 780 సెంటీగ్రేడు డిగ్రీల వరకు కాల్చి చటుక్కున నీటిలో ముంచితే, కర్బన పరమాణువులు బయటపడే వ్యవధి లేక ఇనుప స్ఫటికములలోనే ఇరుక్కుపోతాయి. అడాల్ఫ్ మార్టెన్స్ (1850–1914) అనే జర్మన్ శాస్త్రజ్ఞుని పేరు మీద ఈ రూపానికి మార్టెన్‌సైటు అని పేరు. ఇది గాజువలె కఠినము, గాజువలెనే పెళుసు. కనుక దానిని మరల కొద్దిగా వేడి చేసి పెళుసుదనమును తగ్గిస్తారు. మెరుగుపెట్టిన ఉక్కుమీద 220 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 300 డిగ్రీల దగ్గర నీలిరంగు కనిపిస్తాయి. ఉలికి గడ్డిరంగు దగ్గర, స్ప్రింగుకు నీలిరంగు దగ్గర ఆపాలి. ఉష్ణమాపకము లేని పల్లెటూరి కమ్మరి కొడవలికి పదును పట్టించేది ఈ రంగులను చూచియే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో వండిన ఉక్కు కోసము పూర్వము పర్షియా వర్తకులు అంతదూరము వచ్చేవారు. ఆ జాతి ఉక్కులో కర్బనము సుమారు 1.5 శాతము.

మరి ధర ఎక్కడ తగ్గుతున్నది? ఇనుము ధరలో తగ్గేది కొద్దియే. క్రోమియం, వనేడియం వంటి లోహములను కలపకపోవుట, కొలిమి వేడిని సరిగా కనిపెట్టకపోవుట, ఒక్కొక్క ముక్కను పరీక్షింపకపోవుట వలననే అసలు ఆదా. పిడిమీద "క్రోమ్ వనేడియం" అని అచ్చు గుద్దినంతమాత్రాన లోపల అది ఉన్నట్లు కాదు.

దీనిని తరగతిలో చూపవచ్చును. గోనెసంచులు కుట్టే దబ్బనములు మూడు తీసుకోవాలి. ఒకదానిని ఎర్రగా కాల్చి మంటపైనుండి మెల్లగా తీస్తూ చల్లారనిస్తే సులువుగా వంగుతుంది. రెండవదానిని ఎర్రగా కాల్చి వెంటనే నీటిలో ముంచితే వంచబోగా విరుగుతుంది. మూడవదానిని అట్లే ముంచి, గరుకు కాగితముతో రుద్ది, నీలిరంగు వచ్చేవరకు వెచ్చచేస్తే వంగి మరల నిలుస్తుంది. పట్టకారు, కళ్లద్దాలు తప్పనిసరి. రెండవ దబ్బనము కూడా మెత్తగానే వంగితే అందులో కర్బనము చాలలేదన్నమాట. అదియు ఒక ఫలితమే.

చిల్లులు పొడిచే బరమా ముక్కుల విషయము వేరు. ఉత్త కర్బనపు ఉక్కు ముక్కు 250 డిగ్రీలు దాటి వేడెక్కితే కాఠిన్యము పోగొట్టుకొంటుంది. 1900 ప్రాంతములో అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరి కృషివలన హైస్పీడు ఉక్కు వచ్చింది. తరువాత స్థిరపడిన దాని ప్రసిద్ధమైన పాళ్లు టంగ్‌స్టన్ 18, క్రోమియం 4, వనేడియం 1 శాతము. ఇది 600 డిగ్రీల దగ్గర కూడ పదును నిలుపుకొంటుంది. కొయ్యకు చవక ముక్కు చాలును, ఇనుమునకు చాలదు.

రెండు వస్తువుల విషయములో మాత్రము బేరము కూడదు. పోత ఇనుముతో చేసిన సుత్తినుండి ఎగిరిన పెళ్ల కంటిలో పడవచ్చును. ప్లయరు పిడికి తొడిగిన రబ్బరువంటి తొడుగు చాలా వరకు చేతి సుఖము కోసమే. 230 వోల్టుల ఇంటి విద్యుత్తునుండి అది కాపాడుతుందని నమ్మరాదు. విద్యుత్ పనికి తగిన పనిముట్ల మీద జంట త్రిభుజముల గుర్తు, 1000 వోల్టులు అనే అంకె ఉంటాయి. అవి ఉన్నా మెయిను స్విచ్చి ఆపవలసినదే. సున్నము గీకే రేకు, రంగు కుంచె, బిగింపు చట్రము, బకెట్టు వంటివి చవకవైనా దోషము లేదు. టేపును కొన్నప్పుడు బడిలోని ఉక్కు స్కేలుతో ఒకసారి సరిచూస్తే సరి.

కొన్న పెట్టెను పరీక్షించుటకు ఒక మంచి ఆకురాయి చాలును. రాక్‌వెల్ మానములో ఆకురాయి కాఠిన్యము 62 నుండి 65. ప్లయరు కత్తెర అంచు దాదాపు అంతే ఉండాలి కనుక దానిమీద ఆకురాయి జారిపోవాలి. మంచి స్పానరు కాఠిన్యము 40 నుండి 48 ప్రాంతమే. కనుక దానిని ఆకురాయి కష్టముమీద కొంత కోస్తుంది. మేకును కోసినంత సులువుగా కోసి పొడి రాల్చితే, ఆ స్పానరును రంగు డబ్బాల మూతలు తీయుటకు ఉంచుకొనవచ్చును.